సింగిల్ క్లిక్, డబుల్ క్లిక్: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• డబుల్ క్లిక్ ఏ అవసరం నుంచి పుట్టిందో చెప్పగలుగుతారు.
• రెండు క్లిక్‌లను ఒక డబుల్ క్లిక్‌గా కంప్యూటర్ ఎలా గుర్తిస్తుందో వివరించగలుగుతారు.
• తెర మీది బటన్‌కు సాధారణంగా డబుల్ క్లిక్ ఈవెంట్ ఎందుకు ఉండదో కారణాలతో సమర్థించగలుగుతారు.
• పొరపాటున పడే రెండో క్లిక్ వల్ల నష్టం కలగకుండా ప్రోగ్రామ్ రాయడానికి అవసరమైన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

గత పాఠంలో మీరు ఒక ఫారం మీద కమాండ్ బటన్‌ను ఉంచి, దాని క్లిక్ ఈవెంట్‌కు ప్రొసీజర్ రాశారు. ఇప్పుడు విజువల్ బేసిక్ 6లో ఈవెంట్ల జాబితాను మరోసారి తెరిచి చూడండి. లిస్ట్ బాక్స్‌కు క్లిక్, డబుల్ క్లిక్ రెండూ కనిపిస్తాయి. లేబుల్‌కు, పిక్చర్ బాక్స్‌కు, చివరకు ఖాళీ ఫారానికి కూడా రెండూ ఉన్నాయి. కమాండ్ బటన్‌కు మాత్రం క్లిక్ ఒక్కటే ఉంది. వాడుకరులు అన్నిటికంటే ఎక్కువగా నొక్కే వస్తువుకు డబుల్ క్లిక్ లేకపోవడం మొదటిసారి చూసినవారికి లోపంగా అనిపిస్తుంది. ఏదో ఒక ఉపాయంతో ఆ ఈవెంట్‌ను తెచ్చిపెట్టాలని చాలామంది విద్యార్థులు ప్రయత్నిస్తారు కూడా.

ఇది లోపం కాదు, తెలిసి చేసిన నిర్ణయం. ఆ నిర్ణయం ఎందుకు జరిగిందో తెలియాలంటే మౌస్ చరిత్రలోకి వెళ్లాలి. చరిత్ర తెలిసిన ప్రోగ్రామర్ బటన్‌కు డబుల్ క్లిక్‌ను జోడించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. తెలియనివాడు రాసిన ప్రోగ్రామ్ వల్ల కలిగే నష్టం అతనికి కాక, కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తాకో, ఫీజు కట్టడానికి వచ్చిన విద్యార్థికో తగులుతుంది.

ఒక మాట ముందుగా అనుకుందాం. ఇంగ్లిష్‌లో మౌస్ మీద ఉండేదాన్నీ, తెర మీద గీసినదాన్నీ బటన్ అనే అంటారు. తికమక లేకుండా ఈ పాఠంలో మౌస్ మీద ఉండేదాన్ని మీట అని, తెర మీది దాన్ని బటన్ అని వ్యవహరిద్దాం.

2. మీటలు ఎన్ని ఉండాలి?

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త. ఆయన ఆలోచనను అనుసరించి సహోద్యోగి బిల్ ఇంగ్లిష్ 1964లో మొదటి మౌస్‌ను తయారుచేశారు. అది చక్రాలున్న చిన్న చెక్క పెట్టె. దానికి ఒకే మీట ఉండేది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ తన వ్యవస్థను బహిరంగంగా ప్రదర్శించే నాటికి మీటలు మూడయ్యాయి. ఎడమ చేతికి అయిదు మీటలున్న మరో చిన్న పరికరం కూడా ఉండేది.

ఎంగెల్‌బార్ట్ దృష్టిలో వాడుకరి అంటే నిపుణుడు. శిక్షణకు కొంత కాలం వెచ్చిస్తే తరవాత ఎన్నో ఏళ్లు వేగంగా పనిచేయవచ్చునని ఆయన నమ్మకం. మూడు మీటలనూ, వాటి కలయికలనూ గుర్తుంచుకోగలిగిన మనిషికి ఒకే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కవలసిన పని లేదు. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క మీట, లేదా మీటల జత దొరుకుతుంది. మీటలు సమృద్ధిగా ఉన్నచోట డబుల్ క్లిక్ అవసరం పుట్టలేదని గమనించండి.

3. జిప్సీ నుంచి మాకింతోష్ వరకు

1973లో జెరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దానికి మూడు మీటల మౌస్ ఉండేది. ఆ కంప్యూటర్ కోసం 1974-75 ప్రాంతంలో టిమ్ మాట్, లారీ టెస్లర్ కలిసి జిప్సీ అనే పాఠ్య సంపాదక ప్రోగ్రామ్‌ను రూపొందించారు. దాన్ని వాడవలసినవారు ఇంజనీర్లు కారు. బోస్టన్ సమీపంలో పాఠ్యపుస్తకాలు ప్రచురించే గిన్ అండ్ కంపెనీ సంపాదకులు. కాగితం మీద కలంతో అచ్చుతప్పులు దిద్దడం అలవాటైనవారు. వారికి తర్ఫీదుతో పనిలేని పద్ధతి కావాలి.

జిప్సీలో అక్షరాల మధ్య ఒకసారి క్లిక్ చేస్తే అక్కడ చొప్పింపు స్థానం ఏర్పడుతుంది. అదే చోట రెండోసారి వెంటనే క్లిక్ చేస్తే ఆ మాట మొత్తం ఎంపికవుతుంది. ఇక్కడ మొదటి క్లిక్ చేసిన పని వృథా కాలేదు. అది చోటును చూపింది. రెండో క్లిక్ ఆ చోటును మాటగా విస్తరించింది. డబుల్ క్లిక్‌కు సంబంధించిన మూలసూత్రం ఇందులోనే ఉంది. ఈ పాఠం చివరిదాకా దీన్ని మనసులో ఉంచుకోండి.

1981లో జెరాక్స్ విడుదల చేసిన స్టార్ కంప్యూటర్ ఇదే మార్గంలో మరికొంత దూరం వెళ్లింది. మౌస్‌కు ఎన్ని మీటలుండాలి, వాటితో పాఠాన్ని ఎలా ఎంచుకోవాలి అనే విషయం మీద రూపకర్తలు కొత్తవారిని కూర్చోబెట్టి పరీక్షలు జరిపారు. చివరకు రెండు మీటలు నిలిచాయి. పాఠంలో ఒక క్లిక్ అక్షరాన్ని, రెండు మాటను, మూడు వాక్యాన్ని, నాలుగు పేరాను ఎంచుకుంటాయి. ప్రతి క్లిక్ అంతకుముందు క్లిక్ చేసిన పనినే పెంచుతుంది. అయితే తెర మీది పత్రాన్ని తెరవడానికి స్టార్‌లో డబుల్ క్లిక్ తప్పనిసరి కాలేదు. కీబోర్డు మీద 'ఓపెన్' అనే ప్రత్యేకమైన కీ ఉండేది. ముందు మౌస్‌తో వస్తువును ఎంచుకోవాలి, తరవాత కీ నొక్కాలి.

లారీ టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థలో చేరారు. 1983లో ఆపిల్ విడుదల చేసిన లీసా, 1984 జనవరిలో వచ్చిన మాకింతోష్, రెండింటి మౌస్‌కూ ఒకే మీట ఉంది. ఏ మీట నొక్కాలి అనే సందేహమే కొత్తవారికి రాకూడదన్నది ఉద్దేశం. స్టార్‌లో ఉన్నట్టు 'ఓపెన్' కీ కూడా లేదు. మరి పత్రాన్ని తెరవడం ఎలా? పద్ధతి ప్రకారం గుర్తును ఒక క్లిక్‌తో ఎంచుకుని, మెనూలో ఓపెన్ ఆజ్ఞను ఇవ్వాలి. రోజుకు పదుల సార్లు చేసే పనికి ఇది దూరపు దారి. అందుకని గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేయడం దగ్గర దారి అయింది. ఈ ఘనతను చాలామంది లీసా రూపకర్తల్లో ఒకరైన బిల్ ఆట్కిన్సన్‌కు ఇస్తారు. మాటను ఎంచుకోవడానికి జిప్సీలో అంతకుముందే డబుల్ క్లిక్ ఉంది కనుక, ఒకే ఆవిష్కర్తను వెదకడం కంటే దశలను గుర్తించడం మేలు. జిప్సీ దశలో అది ఎంపికను విస్తరించింది. లీసా దశలో ఎంచుకున్న వస్తువును తెరిచింది.

మీటలు తగ్గినకొద్దీ క్లిక్‌ల మీద భారం పెరిగిందని దీన్నిబట్టి తెలుస్తుంది. చేతికి ఏ మీట అన్న గందరగోళం తప్పింది, కాని దాని స్థానంలో వేగంగా నొక్కడమనే కొత్త నైపుణ్యం అవసరమైంది. ఈ మార్పిడిలో ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు అన్నది 6వ విభాగంలో చూద్దాం.

4. కంప్యూటర్ డబుల్ క్లిక్‌ను ఎలా గుర్తిస్తుంది?

మౌస్‌కు డబుల్ క్లిక్ అంటే ఏమిటో తెలియదు. మీట కిందికి వెళ్లింది, పైకి వచ్చింది అన్న రెండు సంగతులే అది చెబుతుంది. రెండు నొక్కులను కలిపి ఒకటిగా భావించడం సాఫ్ట్‌వేర్ చేసే పని. ఆ పనిని ఎవరు చేయాలన్న విషయంలో వ్యవస్థలు వేర్వేరు దారులు తొక్కాయి.

మాకింతోష్ తొలి వ్యవస్థలో డబుల్ క్లిక్ అనే ఈవెంట్ లేదు. మీట నొక్కిన సమయాన్ని వ్యవస్థ సెకనులో 60వ వంతు చొప్పున లెక్కించి చెప్పేది. రెండు నొక్కుల మధ్య వ్యవధిని, వాడుకరి కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టుకున్న వ్యవధితో పోల్చి చూడటం ప్రోగ్రామర్ బాధ్యత. యూనిక్స్ ప్రపంచంలో 1987లో వచ్చిన ఎక్స్ 11 కూడా ఇంతే. అది మీట నొక్కడాన్ని, వదలడాన్ని సమయంతో సహా అందజేస్తుంది; మిగతాది పై పొరలో ఉండే టూల్‌కిట్ చూసుకుంటుంది.

మైక్రోసాఫ్ట్ విండోస్ ఈ లెక్కను తానే చేసిపెడుతుంది. రెండో నొక్కు డబుల్ క్లిక్ కావాలంటే మూడు షరతులు నెరవేరాలి. ఒకటి, అదే మీట, అదే విండో కావాలి. రెండు, మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ మధ్య వ్యవధి నిర్ణీత పరిమితి దాటకూడదు. ఈ పరిమితి మామూలుగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. మూడు, ఈలోగా మౌస్ పెద్దగా కదలకూడదు. మామూలు అమరికలో 4 పిక్సెళ్ల వెడల్పు, 4 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిన్న చతురస్రం దాటితే అవి రెండు విడి క్లిక్‌లే అవుతాయి.

వాడుకరి డబుల్ క్లిక్ చేసినప్పుడు, దాన్ని కోరుకున్న విండోకు వచ్చే సందేశాల క్రమాన్ని జాగ్రత్తగా చూడండి:

(1) మీట నొక్కారు.
(2) మీట వదిలారు.
(3) డబుల్ క్లిక్ జరిగింది.
(4) మీట వదిలారు.

మూడో సందేశం వచ్చేసరికి మొదటి రెండు సందేశాలు ప్రోగ్రామ్‌కు చేరిపోయాయి. అంటే సింగిల్ క్లిక్ పని అప్పటికే జరిగిపోయింది. మొదటి క్లిక్ పడినప్పుడు రెండోది వస్తుందో లేదో వ్యవస్థకు తెలియదు. భవిష్యత్తును అది చూడలేదు కదా! తెలుసుకోవాలంటే అర సెకను ఆగాలి. అలా ఆగితే ఒకసారి మాత్రమే క్లిక్ చేసే ప్రతి వాడుకరీ ప్రతిసారీ అర సెకను ఎదురుచూడాలి. విండోస్ ఆగదు. మొదటి క్లిక్‌ను వెంటనే అందజేస్తుంది.

ఇందునుంచి తేలే నియమం ఇది: డబుల్ క్లిక్ చేసే పని సింగిల్ క్లిక్ చేసిన పనికి కొనసాగింపు కావాలి. ఫైలు గుర్తు విషయంలో ఇది చక్కగా కుదురుతుంది. మొదటి క్లిక్ ఎంచుకుంటుంది, రెండోది తెరుస్తుంది. ఎలాగూ ఎంచుకోకుండా తెరవలేం. జిప్సీలో చూసిన సూత్రం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) స్టార్ కంప్యూటర్‌లో పత్రాన్ని తెరవడానికి ఏ ఏర్పాటు ఉండేది?
ఆ) విండోస్‌లో రెండు క్లిక్‌లు డబుల్ క్లిక్‌గా లెక్కకు రావడానికి ఉండవలసిన మూడు షరతులు ఏవి?

5. బటన్ ఎందుకు వేరు?

తెర మీది వస్తువులను ఈ దృష్టితో రెండు రకాలుగా విభజించవచ్చు. మొదటి రకం ఎంచుకోదగినవి: ఫైలు గుర్తు, జాబితాలోని వరుస, పాఠంలోని మాట. వీటిని ముందు ఎంచుకుని, తరవాత ఏదో ఒకటి చేస్తాం. రెండో రకం పని జరిపించేవి: బటన్, మెనూ అంశం. బటన్‌ను ఎంచుకుని ఊరుకోవడం అనేది ఉండదు. నొక్కితే పని జరుగుతుంది. గోడ మీది కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది అది. కాబట్టి బటన్ మీద మొదటి క్లిక్‌కే పని పూర్తవుతుంది, రెండో క్లిక్ కొనసాగించడానికి ఏమీ మిగలదు.

1991లో వచ్చిన విజువల్ బేసిక్ ఈ విభజనను పాటించింది. లిస్ట్ బాక్స్‌లో వరుసను ఎంచుకోవచ్చు కనుక దానికి డబుల్ క్లిక్ ఉంది. కమాండ్ బటన్‌కు లేదు. 2002లో వచ్చిన డాట్‌నెట్ విండోస్ ఫారమ్స్‌లో కూడా బటన్ డబుల్ క్లిక్ ఈవెంట్‌ను లేవనెత్తదు. దాని మీద వేగంగా రెండుసార్లు నొక్కితే క్లిక్ ఈవెంట్ రెండుసార్లు వస్తుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. 7వ విభాగంలో వచ్చే సమస్యకు మూలం ఇదే.

బటన్‌కు మరో మంచి లక్షణం ఉంది. మీట నొక్కగానే కాక, బటన్ మీద ఉండగా వదిలినప్పుడే క్లిక్ ఈవెంట్ వస్తుంది. నొక్కిన తరవాత మనసు మారితే మౌస్‌ను పక్కకు లాగి వదిలేయవచ్చు. పని జరగదు. తప్పు దిద్దుకునే ఈ అవకాశం డబుల్ క్లిక్‌లో చాలా తగ్గుతుంది. విండోస్‌లో డబుల్ క్లిక్ సందేశం రెండోసారి మీట నొక్కగానే వస్తుంది, వదిలేదాకా ఆగదు.

6. వాడుకరి వైపు నుంచి

డబుల్ క్లిక్ చేయడానికి చేయి కదలకుండా ఉంచి వేలు మాత్రం త్వరగా ఆడించాలి. యువకులకు ఇది కష్టం అనిపించదు. చేయి వణికే వృద్ధులకు, కీళ్ల నొప్పులున్నవారికి, మౌస్ మొదటిసారి పట్టుకున్నవారికి 4 పిక్సెళ్ల చతురస్రం చాలా చిన్నది, అర సెకను చాలా తక్కువ. మొదటి క్లిక్‌కూ రెండో క్లిక్‌కూ మధ్య మౌస్ జారుతుంది. గుర్తు తెరుచుకోవడానికి బదులు పక్కకు లాగబడుతుంది. డబుల్ క్లిక్ వేగాన్ని మార్చుకునే వీలు మాకింతోష్, విండోస్ రెండింటిలోనూ ఉన్నది ఇందుకే. అందుచేత వ్యవధిని ప్రోగ్రామర్ తన ప్రోగ్రామ్‌లో 500 అని స్థిరంగా రాయడం తప్పు. వాడుకరి ఎంచుకున్న విలువను వ్యవస్థను అడిగి తీసుకోవాలి.

ఈ ఇబ్బందిని పరిశ్రమ కూడా గుర్తించింది. విండోస్ 3.1 దాకా విండోను మూయడానికి ఎడమవైపు పై మూలనున్న చిన్న పెట్టె మీద డబుల్ క్లిక్ చేసేవారు, లేదా దాని మెనూను వాడేవారు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 కుడివైపు మూలన గుణకారపు గుర్తు ఉన్న బటన్‌ను పెట్టింది. ఒక క్లిక్ చాలు. ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టడానికి స్టార్ట్ బటన్ వచ్చింది. దానికీ ఒక క్లిక్ చాలు.

వెబ్ చరిత్రలోనూ ఇలాంటి మలుపు ఉంది. టిమ్ బెర్నర్స్-లీ 1990లో నెక్స్ట్ కంప్యూటర్ మీద రాసిన మొదటి బ్రౌజర్‌లో లింకును తెరవడానికి డబుల్ క్లిక్ చేయాలి. ఆ బ్రౌజర్ పేజీలను చదవడానికే కాక దిద్దడానికి కూడా పనికివచ్చేది. అందువల్ల ఒక క్లిక్ పాఠంలో చోటు చూపడానికి కావలసి వచ్చింది. తరవాత వచ్చిన మొజాయిక్ వంటి బ్రౌజర్లు చదవడానికి మాత్రమే ఉద్దేశించినవి. వాటిలో లింకుకు ఒక క్లిక్ చాలింది. ఎంచుకోవలసిన అవసరం పోగానే డబుల్ క్లిక్ కూడా పోయిందన్నమాట.

ఫలితంగా 1990ల చివరినుంచి ఒకే తెర మీద రెండు ఆచారాలు నడుస్తున్నాయి. ఫైలుకు రెండు క్లిక్‌లు, లింకుకు, బటన్‌కు ఒకటి. ఈ తేడా ఎందుకో ఎవరూ చెప్పరు. ఫైలు దగ్గర రెండు క్లిక్‌లు నేర్చుకున్న కొత్త వాడుకరి, సందేహం ఎందుకని, బటన్ మీద కూడా రెండుసార్లు నొక్కుతాడు. మన అధ్యయన కేంద్రాల్లోని ప్రయోగశాలలో పక్కవారిని గమనించండి, మీకే తెలుస్తుంది.

7. ఆచరణలో ఏం చేయాలి?

ఒక కళాశాల ఫీజు కౌంటర్‌ను ఊహించండి. గుమాస్తా విద్యార్థి సంఖ్య, మొత్తం నమోదు చేసి 'రసీదు' బటన్ మీద అలవాటుకొద్దీ రెండుసార్లు నొక్కాడు. క్లిక్ ఈవెంట్ రెండుసార్లు వచ్చింది. డేటాబేస్‌లో రెండు వరుసలు చేరాయి. సాయంత్రం లెక్క చూస్తే కంప్యూటర్ చెప్పిన మొత్తం కంటే సొరుగులో నగదు తక్కువ ఉంది. లేని డబ్బుకు జవాబు చెప్పుకోవలసింది ఆ గుమాస్తా. నిజానికి అతను చేసిన నేరం ఏమీ లేదు. రెండో నొక్కును ఊహించి ప్రోగ్రామ్ రాయవలసిన బాధ్యత మనది.

ఈ నష్టాన్ని నివారించడానికి కింది జాగ్రత్తలు పాటించండి.

మొదటిది, పని మొదలవగానే బటన్‌ను అచేతనం చేయాలి, పూర్తయిన తరవాత మళ్లీ చేతనం చేయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈవెంట్ ప్రొసీజర్ లోపలే పని అంతా జరుగుతుంటే, ఆ సమయంలో పడిన రెండో క్లిక్ సందేశాల వరుసలో వేచి ఉంటుంది. ప్రొసీజర్ చివర మీరు బటన్‌ను చేతనం చేసి బయటికి రాగానే ఆ పాత క్లిక్ అందుతుంది. అప్పటికి బటన్ పనిచేస్తోంది కనుక రెండో రసీదు తయారవుతుంది. బటన్‌ను అచేతనం చేశాం కదా అని ధీమాగా ఉన్న ప్రోగ్రామర్ ఇక్కడే దెబ్బతింటాడు. పనిని వేరే థ్రెడ్‌లో నడిపి, అది పూర్తయ్యాక బటన్‌ను చేతనం చేస్తే ఈ చిక్కు తీరుతుంది. లేదా రసీదు వచ్చిన వెంటనే ఫారాన్ని ఖాళీ చేసి, కొత్త విద్యార్థి వివరాలు నమోదయ్యేదాకా బటన్‌ను చేతనం చేయకుండా ఉంచవచ్చు.

రెండోది, భాషలో ఉన్న ఏర్పాట్లను వాడుకోవాలి. జావా స్వింగ్‌లో 1.4 సంచిక నుంచి బటన్లకు ఒక కాలపరిమితి పెట్టవచ్చు. ఆ పరిమితి లోపల పడిన తరవాతి నొక్కులను బటన్ పట్టించుకోదు. మామూలుగా దాని విలువ 0, అంటే మీరు పెడితేనే పనిచేస్తుంది.

మూడోది, తెర మీద జాగ్రత్తతోనే సరిపెట్టుకోకూడదు. ప్రతి లావాదేవీకి ఫారం తెరిచినప్పుడే ఒక విశిష్ట సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండో వరుస చేరకుండా డేటాబేస్‌లో నిబంధన పెట్టాలి. బటన్ దగ్గర ఏ పొరపాటు జరిగినా ఖాతా చెడదు.

నాలుగోది, బటన్ మీద సింగిల్ క్లిక్‌కు ఒక పని, డబుల్ క్లిక్‌కు వేరే పని పెట్టమని ఎవరైనా అడిగితే మరో బటన్ పెట్టమని సూచించండి. తప్పనిసరి అయితే మొదటి క్లిక్ పడగానే టైమర్‌ను మొదలుపెట్టి, వ్యవస్థ చెప్పిన డబుల్ క్లిక్ వ్యవధి ముగిసేదాకా రెండో క్లిక్ కోసం ఆగాలి. వస్తే డబుల్ క్లిక్ పని, రాకపోతే సింగిల్ క్లిక్ పని చేయాలి. దీనికి చెల్లించే మూల్యం 4వ విభాగంలో చెప్పిన ఆలస్యమే. 2007లో వచ్చిన ఐఫోన్ బ్రౌజర్ ఈ పద్ధతినే వాడింది. రెండుసార్లు తడితే పేజీ పెద్దది కావాలి కనుక, ఒకసారి తట్టినప్పుడు కూడా దాదాపు 300 మిల్లీసెకన్లు ఆగేది. ఆ కొద్దిపాటి ఆలస్యమే వెబ్ పేజీలు మందంగా ఉన్నాయన్న అభిప్రాయం కలిగించింది. తరవాతి కాలంలో, ఫోన్ తెరకు తగినట్టు రూపొందించిన పేజీల విషయంలో బ్రౌజర్లు దాన్ని తొలగించాయి.

అయిదోది, డబుల్ క్లిక్ ఏ పని చేసినా ఆ పనికి మరో దారి కూడా ఉండాలి: మెనూ ఆజ్ఞ, బటన్, లేదా కీ. జాబితాలో వరుస మీద డబుల్ క్లిక్ చేస్తే వివరాలు తెరుచుకునేట్టు రాశారనుకోండి. పక్కనే 'తెరువు' బటన్ పెట్టండి, ఎంటర్ కీ కూడా అదే పని చేసేట్టు చూడండి. లీసా, మాకింతోష్‌లలో మొదట మెనూ ఆజ్ఞ ఉందని, డబుల్ క్లిక్ దానికి దగ్గర దారి మాత్రమేనని మరచిపోవద్దు.

8. సారాంశం

మౌస్ మీటలను తగ్గించే ప్రయత్నంలో డబుల్ క్లిక్ పుట్టింది. జిప్సీలో అది ఎంపికను విస్తరించింది, లీసా, మాకింతోష్‌లలో ఎంచుకున్న వస్తువును తెరిచింది. రెండో క్లిక్ వస్తుందో లేదో మొదటి క్లిక్ సమయంలో తెలియదు కాబట్టి, డబుల్ క్లిక్ పని సింగిల్ క్లిక్ పనికి కొనసాగింపుగానే ఉండాలి. బటన్ ఎంచుకునే వస్తువు కాదు కనుక దానికి ఒక క్లిక్ చాలు. అయినా వాడుకరులు రెండుసార్లు నొక్కుతారు. ఆ రెండో నొక్కు ఎవరికీ నష్టం చేయకుండా చూడటం ప్రోగ్రామర్ కర్తవ్యం.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మౌస్ మీటల సంఖ్యకూ డబుల్ క్లిక్ పుట్టుకకూ ఉన్న సంబంధాన్ని చారిత్రకంగా వివరించండి.
2. బటన్ మీద పొరపాటున పడే రెండో క్లిక్ వల్ల వచ్చే సమస్యలను, వాటి నివారణ మార్గాలను చర్చించండి.

ఆ) కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. విండోస్‌లో డబుల్ క్లిక్ సందేశాల క్రమం.
2. మొదటి వెబ్ బ్రౌజర్‌లో లింకుకు డబుల్ క్లిక్ ఉండటానికి కారణం.

ఇ) ప్రయోగం: లేబుల్, కమాండ్ బటన్ ఉన్న ఒక ఫారం తయారుచేయండి. బటన్ క్లిక్ అయినప్పుడల్లా లేబుల్‌లోని సంఖ్య 1 పెరిగేట్టు రాయండి. మీ ఇంట్లో కంప్యూటర్ అలవాటు లేని పెద్దవారిని పిలిచి, ఏమీ చెప్పకుండా, బటన్‌ను పదిసార్లు నొక్కమనండి. చివరకు లేబుల్‌లో ఏ సంఖ్య ఉందో, వారు ఎలా నొక్కారో రికార్డు పుస్తకంలో నమోదు చేయండి.